మంచోడే గానీ..

2024 నవంబరు 6, బుధవారం పొద్దున. దీపావళికని ఊరికెళ్ళి, ఆ వారమంతా ఇంటి నుంచే పని చేస్తానని మేనేజరుకు మెయిలు కొట్టి చెల్పూర్‌లోనే ఉండిపోయాను. (మా ఊరు తెలియనివాళ్ళ కోసం: పరకాల నుంచి భూపాలపల్లి పోయే దారిలో ఉంటుంది. కాకతీయ థర్మల్ పవర్ ప్లాంటు అంటే గుర్తుపడతారు. 1100 మెగావాట్లు. గచ్చిబౌలిలో మీ ఏసీ నడుస్తోందంటే అందులో మా ఊరి పొగ వాటా కూడా ఉందని మరవకండి.) నేను ముందుగదిలో లాప్‌టాప్ పెట్టుకొని, కాల్‌లో మ్యూట్ కొట్టి కూర్చున్నాను. బాపు టీవీ ముందు. టీవీలో అమెరికా మ్యాపు, కొంత ఎరుపు, కొంత నీలం.

"ఏందిరా, గామె ఓడిపోయేటట్టే ఉన్నది?" అన్నాడు బాపు.

"ఔ బాపూ, అట్లనే ఉంది."

"ఎందుకట్ల? మంచిగనే మాట్లాడింది గద. తిట్టలే, మొత్తుకోలే."

"అందుకే కావచ్చు" అని నవ్వాను. నవ్వైతే నవ్వాను గానీ, నేనన్న మాటలో నిజమెంత అనే పురుగు అప్పుడే బుర్రలో దూరింది. ఇన్నాళ్ళకు ఈ టపా.

మధ్యాహ్నానికి మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. అందులో సగం మంది అమెరికాలోనే ఉంటారు, వాళ్ళలో సగానికి పైగా హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు. ఓటు లేదు, ఆవేశం మాత్రం రెండు ఓట్లకు సరిపడా ఉంటుంది. ఒకడేమో "కమలా హారిస్ మరీ వామపక్షం, మధ్యవాళ్ళు భయపడ్డారు" అంటాడు. ఇంకొకడు "అబ్బే, మరీ మధ్యకొచ్చింది. అక్టోబరులో లిజ్ చేనీని పక్కన పెట్టుకొని తిరిగితే సొంత పార్టీ కుర్రాళ్ళకు హుషారెక్కడినుంచి వస్తుంది?" అంటాడు. ఇద్దరూ ఒకే కంపెనీలో పనిచేస్తారు, ఒకే వార్తలు చదువుతారు. ఒకే లాగ్ ఫైలు చూసి ఇద్దరు రెండు బగ్గులు చెప్పడం మనకు కొత్త కాదు కదా.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. 'మితవాదం' అన్న పదాన్ని మన పత్రికలు రైట్ వింగ్‌కి కూడా వాడేసి ఎప్పుడో కంగాళీ చేసి పెట్టాయి. నేను ఇక్కడ ఆ అర్థంలో వాడటం లేదు. మధ్యేమార్గం అన్న అర్థంలోనే వాడుతున్నాను. అందులోనూ రెండు రకాలున్నాయి. అమెరికావాడు 'మోడరేట్' అంటే పన్నులు, గర్భస్రావం, తుపాకులు, వలసలు.. వీటిమీద మధ్యలో నిలబడ్డవాడు. మన దగ్గర అలాంటి గీత ఎక్కడుంది? పింఛను పెంచుతామని ఒకడంటే ఇంకాస్త పెంచుతామని రెండోవాడంటాడు. కాబట్టి మన మితవాదం సిద్ధాంతంలో ఉండదు, స్వభావంలో ఉంటుంది. గొంతు పెంచనివాడు, ఎదుటివాణ్ణి పేరు పెట్టి తిట్టనివాడు. మనం అతన్ని సౌమ్యుడు అంటాం. మా ఊళ్ళో అయితే "మంచోడే గని.." అంటారు. ఆ 'గని' తర్వాత ఏమీ చెప్పరు, అక్కర్లేదు కూడా.

సిద్ధాంతపు మితవాదానికి ఒక పాత లెక్కుంది. ఆంథొనీ డౌన్స్ అనే ఆయన 1957లో పుస్తకమే రాశాడు. మా బస్టాండు భాషలో చెప్తాను. ఒకే వీధిలో రెండు చాయ్ హోటళ్ళుంటే, ఎక్కువ గిరాకీ కోసం ఇద్దరూ జరిగి జరిగి వీధి మధ్యకే వస్తారు. పార్టీలూ అంతే, నడిమి ఓటరు కోసం నడుమకే వస్తాయని లెక్క. బాగానే ఉంది. కానీ వీధి చివరి ఇంటాయన "ఇంత దూరం ఎవడు నడుస్తాడు, ఇంట్లోనే పెట్టుకుంటా" అంటే? చాయ్‌కి అది చిన్న నష్టం. ఎన్నికల్లో అదే ఫలితం. మా గ్రూపులో రెండోవాడి వాదన సరిగ్గా ఇదే: మధ్యకు జరిగితే చివరివాళ్ళు ఇంట్లో కూర్చుంటారు.

నేనూ చాలాకాలం అలాగే నమ్మాను. ఎందుకంటే ఆ చివరి ఇంటాయన్ని నేనే.

2018 డిసెంబరు 7, శుక్రవారం. తెలంగాణ అసెంబ్లీ పోలింగు. నా ఓటు చెల్పూర్‌లో, నేను హైదరాబాద్‌లో. మాది భూపాలపల్లి నియోజకవర్గం. 2014లో ఇక్కడ గెలిచి కొత్త రాష్ట్రానికి మొదటి స్పీకరు అయిన సిరికొండ మధుసూదనాచారి మళ్ళీ పోటీలో ఉన్నారు. టీవీలో సభ చూసినవాళ్ళకు తెలుసు, కుర్చీలో కూర్చుని అరిచే మనిషి కాదు, తెలుగు కూడా శుభ్రంగా మాట్లాడతారు. నాకు ఆయనంటే గౌరవం. ఆ గౌరవం నన్ను బస్సెక్కించిందా? లేదు. ముందు రాత్రి రిలీజు ఉంది, పొద్దున లేచేసరికి పదకొండయింది. మావోయిస్టు ప్రభావిత నియోజకవర్గం కాబట్టి మా దగ్గర పోలింగు 4 గంటలకే మూసేస్తారు (మిగతా రాష్ట్రానికి 5). రెండొందల కిలోమీటర్లు. ఇక పోయి ఏం లాభం అనుకొని బిర్యానీ ఆర్డరు పెట్టాను. నిజం చెప్పాలంటే రిలీజు ఒక సాకు. "ఆయన ఎలాగూ గెలుస్తాడులే" అన్నది అసలు కారణం.

ఫలితాలు 11న వచ్చాయి. టీఆర్ఎస్‌కు రాష్ట్రంలో 119కి 88. అంతటి గాలిలో స్పీకరు ఓడిపోయారు, అదీ మూడో స్థానంలో. కాంగ్రెస్ నుంచి గండ్ర వెంకటరమణారెడ్డి గెలిచారు. ఫార్వర్డ్ బ్లాక్ సింహం గుర్తు మీద నిలబడ్డ గండ్ర సత్యనారాయణరావు రెండో స్థానం. సౌమ్యంగా ఉన్నందుకే ఓడిపోయారని నేననను. ఎన్నికకు పది కారణాలుంటాయి, అందులో ఎమ్మెల్యే మీద కోపం, స్థానిక లెక్కలు అన్నీ ఉంటాయి. నా ఒక్క ఓటుతో గెలిచేవారు కూడా కాదు. నా బాధ వేరే. గౌరవానికీ బస్ టికెట్‌కీ మధ్య అంత దూరముంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ సాయంత్రం బాపు ఫోన్లో పెద్దగా ఏమీ అనలేదు. "రాకపోతివి" అన్నాడు, అంతే. 'అన్నలు' ఓట్లు బహిష్కరించమన్న రోజుల్లో ఆయన పొద్దున్నే పోయి ఓటేసి, సిరా గుర్తు కనపడకుండా వేలికి పసుపు పూసుకొని తిరిగిన మనిషి. ఆయన దగ్గర రిలీజు, బిల్డు అని కథలు చెప్పలేం.

2019లో వెంకటరమణారెడ్డి టీఆర్ఎస్‌లో చేరారు. 2023 వచ్చేసరికి చెయ్యి గుర్తు మీద గెలిచినాయన కారు గుర్తు మీద, సింహం గుర్తాయన చెయ్యి గుర్తు మీద నిలబడ్డారు. ఇందులో వామపక్షం ఏది, మధ్యేమార్గం ఏది చెప్పండి చూద్దాం! ఆ నవంబరు 30న మాత్రం నేను ముందు రాత్రే బస్సెక్కి పోయి, పొద్దున ఏడున్నరకే లైన్లో నిలబడ్డాను. గుండెలో అభిమానం ఎవరి మీదా లేదు. కోపం ఉంది. ఎవరి మీద, ఎందుకు అన్నది మా ఇంటి సంగతి, వదిలేయండి. సత్యనారాయణరావు 50 వేలు దాటిన మెజారిటీతో గెలిచారు. నేనెవరికి వేశానో చెప్పను గానీ, ఒకటి చెప్తాను: గౌరవం కదిలించలేని మనిషిని కోపం ఒక్క రాత్రిలో కదిలించింది.

ఇది నా ఒక్కడి రోగం అనుకున్నాను. 2024 మే 13 చూశాక ఆ అనుమానం తీరింది. ఆ రోజు ఒకేసారి ఆంధ్రలో అసెంబ్లీ, లోక్‌సభ, ఇక్కడ లోక్‌సభ పోలింగు. రెండు రోజుల ముందు నుంచీ కేపీహెచ్‌బీ, మియాపూర్, ఎల్బీనగర్.. ఎక్కడ చూసినా బ్యాగులు, జనం. విజయవాడ హైవే మీద కార్లు తాబేళ్ళ లెక్క నడిచాయి. అమెరికా నుంచి టికెట్లు కొనుక్కొని వచ్చినవాళ్ళున్నారు. మా టీమ్‌లోనే ఇద్దరు సెలవు దొరక్కపోతే లాప్‌టాప్ పట్టుకొని బస్సెక్కారు. అక్కడ కొన్ని బూత్‌లలో రాత్రి దాకా లైన్లు. మొత్తం పోలింగు 81 శాతం దాటింది. అదే రోజు, అవే ఐటీ కంపెనీలున్న ఊళ్ళో, హైదరాబాద్ సికింద్రాబాద్ లోక్‌సభ స్థానాల్లో సగం కూడా దాటలేదు. సెలవు ఇద్దరికీ ఇచ్చారు, ఎండ ఇద్దరికీ ఒకటే. బద్ధకం అందామంటే, 12 గంటలు బస్సులో కూర్చున్నవాడూ ఆ సాఫ్ట్‌వేరోడే కదా.

ఇక్కడే చంద్రబాబు నాయుడి సంగతి చెప్పుకోవాలి. ఆయన్ని పొగిడినా తిట్టినా, ఉపన్యాసానికి ఈలలు వేయించుకున్న నాయకుడని ఆయన అభిమానులు కూడా అనరు. సమీక్షలు, శాతాలు, డ్యాష్‌బోర్డులు.. మన డెలివరీ మేనేజరు మాట్లాడినట్టే ఉంటుంది. 2019లో అదే మనిషి, అదే గొంతు, 23 సీట్లు. అప్పుడు హుషారంతా 3,648 కిలోమీటర్లు నడిచొచ్చిన జగన్ వైపుంది, 151 వచ్చాయి. 2023 సెప్టెంబరులో ఆయన అరెస్టయినప్పుడు హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగులు రోడ్డెక్కారు. ఎప్పుడూ దేనికీ రోడ్డెక్కని జాతి మనది! 2024లో టీడీపీకి 135, జనసేన నిలబడ్డ 21కి 21, వైఎస్సార్‌సీపీకి 11. మధ్యలో ఆయన స్వభావం మారిందా? ఉపన్యాసం మారిందా? నాకైతే కనపడలేదు. మారింది ఎదుటివాళ్ళను చూసి జనానికి కలిగిన భావం. (జగన్ అభిమానులు నా మీద విరుచుకుపడే ముందు: 2019లో జరిగింది కూడా ఇందులో సగం ఇదేనని నా అభిప్రాయం.)

సొంతంగా హుషారు పుట్టించే నాయకులు లేరని కాదు. పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే 1983లో రెండొందలకు పైగా సీట్లు తెచ్చుకున్న ఎన్టీఆర్ ఉన్నారు, 2003 ఎండల్లో చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచిన వైఎస్ ఉన్నారు. వాళ్ళ సంగతి వేరు. అయితే వ్యక్తి ఆకర్షణ ఒక్కటే చాలదనడానికి కూడా మన దగ్గరే లెక్క ఉంది: చిరంజీవికి 2009లో సభల నిండా జనం, సీట్లు 18. అదే ఎన్నికల్లో జయప్రకాష్ నారాయణ గారు. పద్ధతైన మాట, అంకెలతో సహా వాదన, ఎవర్నీ తూలనాడరు. మనవాళ్ళందరి ఆరాధ్య దైవం. లోక్‌సత్తాకు 294లో గెలిచింది ఒక్క కూకట్‌పల్లి, అదీ ఆయనే. 2014లో మల్కాజ్‌గిరి లోక్‌సభకు నిలబడితే ఓడిపోయారు. ఆయన వీడియోలు ఫార్వర్డ్ చేసినవాళ్ళంతా ఓటేసి ఉంటే? నాలాంటి గౌరవనీయులు ఎంతమంది బిర్యానీ ఆర్డరు పెట్టారో ఎవరికి తెలుసు..

సరే, మళ్ళీ అమెరికా. 2008 అక్టోబరులో మిన్నెసోటాలోని లేక్‌విల్‌లో జాన్ మెకెయిన్ సభ. జనంలోంచి ఒకాయన లేచి ఒబామా ప్రెసిడెంటు అవుతాడంటే భయంగా ఉందన్నాడు. మెకెయిన్, ఆయన మర్యాదస్తుడే, భయపడాల్సిన అవసరం లేదని సమాధానమిచ్చాడు. సొంత సభలో సొంత జనమే గోల చేశారు. ఒకావిడ ఒబామా అరబ్బు అంటుంటే చేతిలోంచి మైకు తీసుకొని కాదని సరిదిద్దాడు. చరిత్రలో ఆయనకు మంచి పేరు తెచ్చిన నిమిషాలవి. ఆ జనంలో మాత్రం ఆ రోజు వేడి చల్లారింది. వాళ్ళకు హుషారు కావాలంటే సేరా పేలిన్ ఉంది, ఆవిడ సభలకే ఎక్కువ జనం. ఓడిపోవడానికి అసలు కారణం అప్పుడే కుప్పకూలిన బ్యాంకులు, ఎనిమిదేళ్ళ బుష్ మీద విసుగు. అయినా సౌమ్యతకు చప్పట్లు ఎవరు కొడతారు అంటే.. ఎదుటి పార్టీవాళ్ళు, అదీ ఎన్నికలయ్యాక.

మరి సౌమ్యుడు గెలవడా? ఎందుకు గెలవడు, అమెరికాలో అంతకుముందెన్నడూ ఎవరికీ రానన్ని ఓట్లు వచ్చింది జో బైడెన్‌కే, 2020లో, 8 కోట్ల 10 లక్షలు దాటి. పోలింగు 66 శాతం, 1900 తర్వాత అంత ఎప్పుడూ లేదు. బైడెన్ని చూసి ఎవరైనా చొక్కా చించుకున్నారా? ఆ ఆగస్టులో ప్యూ రీసెర్చ్ వాళ్ళు ఆయన మద్దతుదారులనే ఎందుకు వేస్తున్నారని అడిగితే, సగం కంటే ఎక్కువమంది ఇచ్చిన కారణం ఆయన ట్రంప్ కాకపోవడమే. కరోనా వల్ల పోస్టులో ఓటు సులువైంది, అదీ కలిసొచ్చింది, కాదనను. కానీ ట్రంప్‌కు కూడా 7 కోట్ల 40 లక్షలు వచ్చాయని మరవొద్దు. ట్రంప్ అనే ఒక్క మనిషి రెండు వైపుల ఓటర్లనీ ఇళ్ళలోంచి బయటికి లాగాడు.

ఇది నా కవిత్వం కాదు. ఆండ్రూ హాల్, డేనియల్ థాంప్సన్ అనే ఇద్దరు 2018లో ఒక పేపరు రాశారు. అమెరికా ప్రతినిధుల సభకు 2006 నుంచి 2014 వరకు జరిగిన పోటీలు తీసుకొని, ప్రైమరీలో అతివాది స్వల్ప తేడాతో గెలిచిన చోట్ల అసలు ఎన్నికలో ఏం జరిగిందో చూశారు. అతివాది తన పార్టీవాళ్ళను పోటెత్తిస్తాడని అందరం అనుకుంటాం కదా, అలా జరగలేదు. ఎదుటి పార్టీవాళ్ళు ఎక్కువగా వచ్చి ఓటేశారు. నా 2023 బస్ టికెట్ గుర్తొచ్చింది ఆ పేపరు చదువుతుంటే.

అంటే నాకు అర్థమైనంతలో, సౌమ్యుడి వెనక కనపడే హుషారు ఆయన సొంత ఆస్తి కాదు, చేబదులు. ఎదుటివాడి స్వభావం ఇచ్చిన అప్పు. ఎదుటివాడు అధికారంలో ఉండి రోజూ టీవీలో కనపడుతున్నంతకాలం అప్పు పుడుతూనే ఉంటుంది. ఆయన దిగిపోయి నాలుగేళ్ళయ్యాక, జనం కోపం కిరాణా బిల్లు మీదకు మళ్ళాక, అదే అప్పు అడిగితే ఎవరిస్తారు? 2024లో హారిస్‌కు బైడెన్ కంటే 60 లక్షలకు పైగా తక్కువ వచ్చాయి. ట్రంప్ కోపం ఇంకా అమ్ముడుపోతుందనే చేనీని తెచ్చుకున్నారు. ఆ సరుకు 2020ది.

అయితే మా గ్రూపులో రెండోవాడు దీన్ని పట్టుకొని "చూశావా, సొంతవాళ్ళు ఇంట్లో కూర్చున్నారు, వాళ్ళొస్తే గెలిచేది" అని ఎగరక్కర్లేదు. 2025లో ప్యూ వాళ్ళే లెక్క తీస్తే, ఓటెయ్యనివాళ్ళంతా వచ్చి వేసినా ట్రంపే ముందుండేవాడని తేలింది. ఇంట్లో కూర్చున్నవాడు మనవాడే అనుకోవడం ఒక తియ్యటి భ్రమ. నేనూ 2018లో ఇంట్లో కూర్చున్నాను. నాలాంటి వాళ్ళందరూ స్పీకరు గారి ఓట్లేనని ఏ ఆధారంతో అనుకుంటున్నాను? నాతో బిర్యానీ తిన్న మా పరకాల దోస్తుగాడు ఎవరికి వేసేవాడో నాకిప్పటికీ తెలియదు.

నన్ను ఇబ్బంది పెట్టేది ఇంకొకటి. ఈ లెక్క నిజమైతే ప్రతి పార్టీకీ ఒక సలహా తయారుగా ఉంటుంది: నీ మనిషి మంచితనం మీద డబ్బు తగలెయ్యకు, ఎదుటివాణ్ణి రాక్షసుణ్ణి చెయ్యి. సలహా ఏముంది, ఇప్పటికే పాటిస్తున్నారు. 2018లో కేసీఆర్ సభల్లో సగం ఉపన్యాసం చంద్రబాబు చుట్టూనే తిరిగింది, పని చేసింది కూడా. అప్పుడిక మంచోడు ఎందుకు నిలబడాలి?

దీపావళి తర్వాత ఆ వారంలోనే ఒక సాయంత్రం బాపు నేను బండి మీద భూపాలపల్లి పోయాం, మందులకు. దారిలో బోర్డు, జయశంకర్ భూపాలపల్లి జిల్లా. ఆచార్య జయశంకర్ గారు గొంతు పెంచకుండా ఒకే మాట దశాబ్దాల తరబడి చెప్పిన మనిషి, ఓట్ల కోసం నిలబడ్డ మనిషి కాదు. ఆ మాటను జనం గుండెల్లోకి కొట్టడానికి వేరే గొంతు కావాల్సొచ్చింది. అదే అన్నాను బాపుతో.

"సారు నిలబడితే నువ్వు ఓటేద్దువా?" అన్నాడు.

"వేసేవాణ్ణి బాపూ."

"బస్సెక్కి వద్దువా అని అడుగుతున్న."

జవాబు చెప్పేలోపు మెడికల్ షాపు వచ్చేసింది.

నా ఓటు ఇంకా చెల్పూర్‌లోనే ఉంది. ఉండకూడదు, తెలుసు. ఏడాదిలో పదకొండు నెలలు ఉండేది హైదరాబాద్‌లో కాబట్టి ఫారం 8 నింపి ఇక్కడికి మార్చుకోవాలి. బూత్ మా అపార్టుమెంటు నుంచి నాలుగొందల అడుగులు. సైటు తెరిచి సగం నింపి రెండుసార్లు మూసేశాను. నడిచిపోయే దూరంలో బూత్ ఉంటే, కోపం లేకుండా కూడా పోతానా అన్నది చూడాలని ఉంది. పోకపోతే ఆ ముఖం పెట్టుకొని ఊరికెలా వెళ్ళాలన్న భయమూ ఉంది.